ఆదివారం బల్ల దగ్గర

(అమలాపురంలో ఎన్‌ఎస్‌ఎస్ అనే జాతీయ సేవా పథకం కాలేజీ పిల్లల క్యాంపులో మాట్లాడిన మాటలు ఇవి. ఫోన్‌లో రికార్డు చేసింది విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం. మైకు మధ్యలో రెండుసార్లు ఆగింది, ఆ ముక్కలు పోయాయి.)

నమస్కారమండి అందరికీ. మేడం గారు ఇందాక సంఘసేవకులు, అదీ ఇదీ అన్నారు, అంత లేదండి, నేను పోస్ట్‌మాన్‌ని. 1983లో చేరి 2021లో రిటైరయ్యాను, మొత్తం గోదారి మధ్యలో ఉన్న లంక ఊళ్ళ బీటే, సగం సైకిలు మీద సగం పడవ మీద. మైకులో మాట్లాడ్డం అలవాటు లేదు, ఉత్తరాలు చదివి పెట్టడం వచ్చు, రాసి పెట్టడం వచ్చు, కాబట్టి ఎక్కడైనా తడబడితే మీరే సర్దుకోండి. (నవ్వులు)

మా ఊరి లైబ్రరీ అరుగు మీద ప్రతి ఆదివారం పొద్దున్న పదింటి నుంచి ఒంటిగంట దాకా ఒక బల్ల వేసుకుని కూర్చుంటామండి, నేనూ, రిటైరైన ఓ హైస్కూలు మాస్టారూ, డ్వాక్రా గ్రూపు లీడరు ఒకావిడా. బోర్డు లేదు, సంఘం పేరు లేదు, రిజిస్ట్రేషనూ లేదు. బల్ల, రెండు కుర్చీలు, బెంచీ, నాలుగు పెన్నులు, స్టేప్లరు, వేలిముద్రకి ప్యాడు, ఒక రూళ్ళ పుస్తకం, అంతే మా ఆఫీసు. ఎవరికి ఏ కాగితం అర్థం కాకపోయినా అక్కడికి వస్తారు. దాని గురించి చెప్పమన్నారు కాబట్టి చెప్తాను, సేవ గొప్పతనం మీద ఉపన్యాసం మాత్రం నావల్ల కాదు.

మన కోనసీమలో ఆకలి, సాయం అనే మాట వస్తే ముందు డొక్కా సీతమ్మగారే గుర్తొస్తారు కదా. లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ అన్నం పెట్టినావిడ. ఆవిడ పోయింది 1909లో, ఇప్పటికీ గోదారి పాయ వైనతేయ మీద కాలవ దాటే అక్విడక్టుకి ఆవిడ పేరే, బళ్ళో పిల్లల మధ్యాహ్న భోజనానికీ మొన్నీమధ్య ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ ఓసారి అంతర్వేది స్వామి దర్శనానికని బయల్దేరారంట, దారిలో పెళ్ళివారి గుంపు ఒకటి ఎదురైందంట, పిల్లలు ఆకలని ఏడుస్తుంటే పెద్దాళ్ళు ఇంకెంతరా, గన్నవరం చేరిపోతే సీతమ్మగారింట్లో తినేద్దాం అని ఊరుకోబెడుతున్నారంట, ఆ మాట చెవిన పడి ఆవిడ దర్శనం మానేసి ఇంటికి తిరిగొచ్చేసి పొయ్యి వెలిగించారని మా పెద్దాళ్ళు చెప్పేవారు. అందరూ ఈ కథలో ఆవిడ వెనక్కి తిరగడం చెప్తారు. నాది పోస్ట్‌మాన్ బుద్ధి కదా, నాకు ఇంకోటి కనపడుద్ది. ఆ పెళ్ళివారికి అడ్రసు తెలుసు. ఏ వేళప్పుడు వెళ్ళినా తలుపు తీస్తారని తెలుసు, ఏ కాగితం చూపించక్కర్లేదనీ తెలుసు.

ఇప్పుడు చూడండి, అడ్రసులు ఎన్ని ఉన్నాయో. ముసలాళ్ళకి, భర్త పోయినవాళ్ళకి నెలకి 4000, వికలాంగులకి 6000, పూర్తిగా మంచాన పడ్డవాళ్ళకి 15000, అదీ ఒకటో తారీఖున ఇంటికే తెచ్చి చేతిలో పెడతారు. 2024 జులై నుంచి ఈ రేట్లు. గ్రామ, వార్డు సచివాలయాలు 2019 అక్టోబర్ 2న మొదలయ్యాయి, అందులో వెల్ఫేర్ అసిస్టెంటు అని ఒకరు, డిజిటల్ అసిస్టెంటు అని ఒకరు ఉంటారు. అంగన్‌వాడీ ఉంది, ఆశా ఉంది, ఏఎన్ఎమ్ ఉంది, 108 ఉంది, పట్నాల్లో 5 రూపాయలకి అన్న క్యాంటీన్ ఉంది. ముసలాళ్ళ కోసం 14567 అని ఫోన్ నంబరుంది, పిల్లలకి 1098, ఆడవాళ్ళకి 181, మనసు బాగోకపోతే 14416, ఉచితంగా లాయరు కావాలంటే 15100. మీలో ఎంతమందికి 14567 తెలుసు? చెయ్యెత్తండి. (కాసేపు ఎవరూ ఎత్తలేదు) ఆ వెనకాల ఒక్కరు. సరే, మీకు తప్పు పట్టట్లేదు, నాకూ రిటైరయ్యాకే తెలిసింది.

అన్నీ ఉన్నాయి, మరి బల్ల దగ్గరికి ఎందుకొస్తున్నారు జనం? అది చెప్తాను.

ఒక మామ్మగారు, కొబ్బరి పీచు పని చేసీ చేసీ చేతులు అరిగిపోయినావిడ. తాడు పేనేవాళ్ళ చేతులు మీరెప్పుడైనా పట్టుకుని చూశారా, బొటనవేలు నున్నగా గోలీకాయలా ఉంటది, గీత అన్నదే కనపడదు. ఆవిడకి రేషన్ మిషను మీద వేలు పడదు, పింఛను మిషను మీదా పడదు. నేనొకసారి పక్కనే ఉండి చూశానండి, ఆవిడ వేలు పెట్టింది, మిషను ఎర్ర లైటు వేసింది, చీర కొంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టింది, మళ్ళీ ఎర్ర లైటు, ఈసారి తలకి రాసుకుని ఆ నూనె జిడ్డుతో పెట్టింది, నోట్లో పెట్టుకుని తడి చేసి పెట్టింది, పది వేళ్ళూ అయిపోయాయి. మిషను దగ్గరున్న పిల్లాడు కూడా పాపం విసుక్కోలేదు, మామ్మా కాసేపాగి చూద్దాం అంటున్నాడు. వెనకాల లైన్లో వాళ్ళు మాత్రం గొణుగుతున్నారు. ఆవిడ ఏమందో తెలుసా, నన్ను నేనే కాదంటుందిరా ఇది, అంది. అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది.

దీనికి దారి లేదా అంటే ఉంది. కంటిపాప చూసే పద్ధతి ఉంది, మొహం చూసే పద్ధతి ఉంది. ఆవిడ ఒక కంట్లో శుక్లం ఉండి అదీ పట్టలేదు, రెండో కంటితో పట్టింది. తర్వాత ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్ళి బయోమెట్రిక్ అప్‌డేట్ చేయించాం. మొత్తం కలిపి ఒకటిన్నర పూట పని. కానీ ఆ ముందు నాలుగు నెలలు ఆవిడ రేషను బియ్యం తెచ్చుకోలేదండి. అడగటానికి సిగ్గు. వేలిముద్ర పడకపోతే తనే ఏదో తప్పు చేసిందనుకుంది.

ఇక్కడ నాకు అర్థమైంది ఏంటంటే, చాలామందికి కావాల్సింది డబ్బు కాదు, ఫారం నింపిపెట్టడం కూడా కాదు, ఆ కౌంటర్ దాకా పక్కన నడిచి వచ్చి, ఇంకో దారి ఉందేమో చూడు బాబూ అని ఆ లోపలాయన్ని అడిగే మనిషి. మామ్మగారు తనంతట తాను అడగలేదు. నేనడిగితే ఆ కుర్రాడు కంటిపాప మిషను తెచ్చాడు. అదే కుర్రాడండి, అదే కౌంటరు.

నేనేదో గొప్పగా చేసేశానని అనుకుంటారేమో, నా వెధవ పని కూడా చెప్తాను. ఒకావిడ, చిన్న వయసే, భర్త హైదరాబాదులో బిల్డింగు పనికెళ్ళి అక్కడే పోయాడు. శవాన్ని తెచ్చి మా ఏటి ఒడ్డునే దహనం చేశారు. ఆవిడకి డెత్ సర్టిఫికెట్ కావాలి, అది లేకపోతే వితంతు పింఛనూ రాదు, బ్యాంకులో ఆయన పేరున ఉన్న కాస్తా రాదు, పిల్లాడికి అవసరమైన కాగితాలూ రావు. నేను ఏమాత్రం ఆలోచించకుండా పంచాయతీకి వెళ్ళమ్మా, అక్కడిస్తారు అన్నాను. వెళ్ళింది. సెక్రటరీగారు లేరు. ఇంకో రోజు వెళ్ళమన్నాను. ఏవో కాగితాలు తక్కువ అన్నారు. అవి పట్టుకుని మూడోసారి వెళ్తే అప్పుడు చెప్పారు, చావు ఎక్కడ జరిగితే అక్కడే నమోదు చేయాలి, ఇక్కడ కాదు అని. అది 1969 నాటి చట్టం, ముప్పయ్యెనిమిదేళ్ళు ప్రభుత్వ ఉద్యోగం చేసినవాణ్ణి, నాకు తెలియాలి కదా. మూడు సార్లు పడవ, మూడు సార్లు ఆటో, మూడు రోజుల కూలి, చంటోణ్ణి చంకనేసుకుని. ఆవిడ నన్నొక్క మాట అనలేదు, అనుంటే బావుండేది.

మా లంక కుర్రాడే ఒకడు హైదరాబాదులో ఉంటే వాడికి ఫోన్ చేసి, ఆసుపత్రి కాగితం ఫోటో పంపి, వాడు అక్కడి మున్సిపల్ సర్కిల్ ఆఫీసు చుట్టూ తిరిగి తెచ్చాడు. 21 రోజుల్లోపు చెప్తే పైసా లేకుండా ఊరికే నమోదు చేస్తారు, దాటిపోయేకొద్దీ రుసుమని, పర్మిషనని, అఫిడవిట్ అని పెరుగుతా పోతుంది. ఈ 21 రోజుల సంగతి మీరు ఇవాళ ఇంటికెళ్ళి అమ్మానాన్నలకి చెప్పండి. చావింట్లో పదకొండో రోజు, పన్నెండో రోజు అంటూ భోజనాల లెక్క చూసుకుంటారు గానీ ఇది ఎవరికీ గుర్తుండదు. మేమిప్పుడు పెద్ద కర్మ భోజనానికి పిలిస్తే వెళ్ళి ముందు అదే అడుగుతున్నాం, కొంచెం మొహం చిట్లిస్తారు, పర్లేదు.

అప్పట్నుంచి రూళ్ళ పుస్తకంలో రాయడం మొదలెట్టామండి. తారీఖు, ఏ ఊరు, ఏ పని, ఏ కాగితం తెచ్చారు, ఏది తక్కువైంది, ఈసారి ఎక్కడికెళ్ళాలి, అక్కడ ఎవర్ని అడగాలి. ఎవర్ని అనేది చాలా ముఖ్యం. ఆఫీసుకి వెళ్ళు అంటే సరిపోదు, మేడ మీద రెండో గది, కిటికీ పక్క సీటు, బుధవారం ఉంటారు అని చెప్పాలి. పోస్ట్‌మాన్‌కి వీధి పేరు కన్నా వేపచెట్టు ఎదురిల్లు ముఖ్యం, ఇదీ అంతే.

సచివాలయం తరఫున వాలంటీర్లు ఉన్నప్పుడు యాభై ఇళ్ళకి ఒకరు చొప్పున ఉండేవారు, ఇప్పుడు లేరు. అది మంచా చెడా అనే రాజకీయం నాకొద్దు, ఇక్కడ రెండు పార్టీల పిల్లలూ ఉన్నారు, బయటికెళ్ళి కొట్టుకుంటారు. (నవ్వులు) నేను చెప్పేదల్లా ఏ ఇంట్లో ఎవరు మంచాన ఉన్నారో తెలిసిన మనిషి ఒకరు వీధికి ఉండాలి, జీతం ఉన్నా లేకపోయినా. ఇదివరకు చాకలి ఆవిడకి తెలిసేది, పాలు పోసేవాడికి తెలిసేది, నాకు తెలిసేది. ఇప్పుడు పక్కింట్లో ఎవరున్నారో కొరియర్ కుర్రాడికి తెలిసినంత కూడా మనకి తెలీదు.

బ్యాంకు సంగతి ఒకటి చెప్పి వరదల్లోకి వెళ్తాను. డబ్బు పడిందని ఫోన్‌కి మెసేజ్ వస్తుంది, బ్యాంకుకెళ్తే లేదంటారు, ఇది నెలకి కనీసం ఇద్దరు ముగ్గురు వస్తారండి బల్ల దగ్గరికి. ఎక్కడికి పోతుందా డబ్బు అంటే, ఆధార్‌కి ఆఖర్న లింకైన ఖాతా ఏదైతే అందులో పడుద్ది. ఎప్పుడో సెల్ సిమ్ కొన్నప్పుడో, లోన్ మేళాలోనో ఇంకో ఖాతా తెరిచుంటారు, అది వాళ్ళకే గుర్తుండదు. ఎన్‌పీసీఐ లింకు, అంటే ఆధార్‌ని ఖాతాకి కలిపే లింకు, ఏ బ్యాంకుకి ఉందో చూడమని అడగాలి, ఆ ఎన్‌పీసీఐ అనే మాట పలకడం రాక ఆర్నెల్లు తిరిగినవాళ్ళున్నారు. మా డ్వాక్రా లీడరుగారు దాన్ని చీటీ మీద తెలుగులో రాసి చేతిలో పెడుతుంది, ఇది చూపించండి చాలు అని. ఆ చీటీ పనిచేస్తుందండి. ఆవిడ నాకన్నా తెలివైనది, ఇవాళ ఆవిడే రావాల్సింది, బ్యాంకు మీటింగుందని నన్ను తోసేసింది.

సరే వరద. నేను 1986 ఆగస్టు చూశాను, అప్పటికి చేరి మూడేళ్ళు. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు, మీకు నంబరులా ఉంటది, మాకది కొబ్బరిచెట్టు మొవ్వు మాత్రమే కనపడ్డం. 2022 జులైలో మళ్ళీ 25 లక్షలు దాటింది. అప్పటికి మన బల్ల పెట్టి ఏడాది. ఆ పది రోజుల్లో సాయం ఎంతొచ్చిందంటే, నిజంగా చేతులెత్తి దణ్ణం పెట్టాలి, ఎక్కడెక్కడి నుంచో వ్యాన్లు. కానీ అన్నీ గట్టు మీదే ఆగిపోయాయి. గట్టు మీద ఉన్నవాడికి మధ్యాహ్నం మూడు పులిహోర పొట్లాలు, రెండు బిర్యానీ ప్యాకెట్లు, లంకలో డాబా మీద ఉన్నవాళ్ళకి బిస్కెట్టు లేదు. సాయంత్రానికి ఆ బిర్యానీ గట్టు వెంబడి పారేసి ఉంది, కుక్కలు కూడా వాసన చూసి వెళ్ళిపోతున్నాయి.

రెండో రోజు మేం పడవలో వెళ్ళి ఏం కావాలని అడిగాం. అన్నం అనలేదండి చాలామంది. మంచినీళ్ళు. కొవ్వొత్తులు. అగ్గిపెట్టె, తడవకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి. టార్పాలిన్. ఒకాయనకి షుగర్ మాత్రలు, ఒకాయనకి బీపీవి. ఒకమ్మాయి మా లీడరుగారి చెవిలో ఏదో చెప్పింది, ఈవిడ పడవలోంచి గట్టు మీదకి ఫోన్ చేసి ప్యాడ్లు తెప్పించింది, నలుగురం మగాళ్ళం వెళ్ళి రాసుకున్న లిస్టులో అది లేదు, మాకు తట్టలేదు. ఇంకోటి, గేదెలకి గడ్డి. మనిషికి పెట్టేవాడు చాలామంది వచ్చారు, గడ్డి మోపు ఒక్కడే తెచ్చాడు, పెద్దాయన ఒకాయన ఆ కుర్రాణ్ణి కౌగిలించుకుని ఏడ్చేశాడు. ఆ తర్వాత ఫోన్ ఛార్జింగ్. పడవకి బ్యాటరీ, దానికి తాళ్ళు కట్టినట్టు వైర్లు, ఒకేసారి పదకొండు ఫోన్లు పెట్టాం. అందుకే మీ కాలేజీ వాళ్ళు వరదకి ఏదైనా చేద్దామనుకుంటే వండే ముందు ఒక్క ఫోన్ కొట్టండి, లోపల ఎవరికైనా.

మీ విషయానికి వస్తాను. మీకు ఏడాదికి 120 గంటలు, రెండేళ్ళకి 240 గంటలు పని చూపించాలి కదా, ఏడు రోజుల క్యాంపు కూడా. గుడి ముందు చీపుర్లు పట్టుకుని ఫోటో దిగడం నేను చాలా చూశాను, ఆ చీపురు కొత్తది, దాని కవరు కూడా తీయరు. (నవ్వులు) అందులో ఒక పది గంటలు ఇటు ఇవ్వండి. ఒక మనిషికి ఒక పని పూర్తయ్యేదాకా తోడెళ్ళడం. సదరం క్యాంపుకి తీసుకెళ్ళడం ఉందనుకోండి, వికలాంగుల సర్టిఫికెట్ కోసం, 40 శాతం పైన ఉంటేనే పింఛనుకి లెక్క, దానికి ముందే స్లాట్ తీసుకోవాలి, ఆ రోజు పొద్దున్నే ఆసుపత్రిలో ఉండాలి. కాలు లేని మనిషి లంకలోంచి పడవెక్కి, ఆటో ఎక్కి, లైన్లో నించోవాలి. ఇద్దరు కుర్రాళ్ళు ఉంటే ఒకరు లైన్లో ఒకరు ఆయన దగ్గర. మధ్యాహ్నం ఆకలేస్తే ఆయన్ని అన్న క్యాంటీన్‌కి తీసుకెళ్ళండి, మీరూ తినండి అక్కడే. మీ పక్కన ఎవరు కూర్చున్నారో చూడండి ఊరికే, ఆసుపత్రిలో పేషెంటుకి తోడొచ్చినవాళ్ళు, సంతకం కోసం ఆఫీసుకొచ్చి లంచ్ టైమని బయటికి పంపితే వచ్చినవాళ్ళు.

జాగ్రత్తలు కూడా ఉన్నాయండోయ్. ఎవరి ఓటీపీ మీరు అడగొద్దు, వాళ్ళు చెప్పబోయినా చెవులు మూసుకోండి. ఆధార్ కార్డు మీ ఫోన్‌లో ఫోటో తీసి ఉంచుకోవద్దు, పనైపోగానే వాళ్ళ ముందే డిలీట్ చేయండి. డబ్బు చేతిలోకి తీసుకోవద్దు, ఆటో కిరాయి కూడా వాళ్ళ చేత్తోనే ఇప్పించండి. మా బల్ల దగ్గర టీ డబ్బులు కూడా మేమే వేసుకుంటాం. ఒకసారి ఓ పెద్దాయన పనైందన్న సంతోషంలో అరటిగెల తెచ్చి పెట్టాడు, వద్దంటే బాధపడతాడని బల్ల మీదే ఉంచి వచ్చినవాళ్ళందరికీ పంచేశాం. ఇక ఫోటోలు. దుప్పటి ఇస్తూ నలుగురు ఆ కొన ఈ కొన పట్టుకుని మధ్యలో ముసలమ్మని నిలబెట్టి తీసే ఫోటో, అది నాకు ఒళ్ళు మండిస్తుంది, పెద్దవాణ్ణి చెప్తున్నా వినండి. ఆవిడ మనవరాలు అదే కాలేజీలో మీ పక్క బెంచీలో చదువుతుంటుంది.

అన్ని పనులూ అవ్వవు, అదీ చెప్పాలి. ఒక తాతగారు కొడుకులిద్దరికీ పొలం రాసిచ్చేశారు, అన్నం సరిగ్గా పెట్టట్లేదు. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది, ఆర్డీవో గారి దగ్గర ట్రిబ్యునల్, నెలకి పదివేల దాకా ఇప్పించొచ్చు, లాయరు లేకుండానే అర్జీ పెట్టుకోవచ్చు, మాస్టారు అంతా విడమర్చి చెప్పి అర్జీ కూడా రాశారు. సంతకం దగ్గరకొచ్చేసరికి తాతగారు పెన్ను కింద పెట్టేశారు. నా కొడుకుని ఆర్డీవో ముందు నిలబెట్టలేనండి అన్నారు. మాస్టారికి కోపం వచ్చింది, నాకు రాలేదు. ఆ కాగితం మా పుస్తకంలోనే మడిచి ఉంది. ఆయన ఇప్పటికీ ఆదివారం వస్తారు, బెంచీ మీద కూర్చుని పేపరు చదువుకుని టీ తాగి వెళ్తారు. మా లీడరుగారు ఆయనకని టిఫిన్ డబ్బా తెస్తుంది, ఎక్కువైపోయింది మీరు కాస్త సాయం పట్టండి అని ఇస్తుంది, ఆయనా అలాగే తీసుకుంటారు.

ఏంటమ్మా, అడుగు. (ప్రశ్న: ముక్కూ మొహం తెలియనివాళ్ళు మమ్మల్ని నమ్ముతారా అండీ?)

మంచి ప్రశ్న. నమ్మరు. నన్నే నమ్మలేదు, నలభై ఏళ్ళు గుమ్మం ముందుకొచ్చిన మనిషిని. బల్ల పెట్టాక మూడు ఆదివారాలు ఒక్కరంటే ఒక్కరు రాలేదమ్మా, ఏ పార్టీ తరఫున కూర్చున్నారో అనుకున్నారు, ఏదో చీటీల కంపెనీ అనుకున్నారు. నేనూ మాస్టారూ లైబ్రరీలో పాత వీక్లీలు చదువుకున్నాం. నాలుగో ఆదివారం ఒకామె కరెంటు బిల్లు పట్టుకొచ్చి ఇందులో ఎంత కట్టమన్నారో చెప్పు బాబూ అంది. చెప్పాను, తీసుకుని వెళ్ళిపోయింది, కూర్చోలేదు కూడా. ఆ తర్వాత వారం ఇంకొకామెని వెంటబెట్టుకొచ్చింది, ఆ రెండో ఆమే ఇందాక చెప్పిన తాడు పేనే మామ్మగారు.

టైమైపోయింది, మేడం గారు వాచీ చూస్తున్నారు, నా పడవ కూడా ఐదింటికే. వచ్చే ఆదివారం ఎవరైనా వస్తామంటే పదింటికి వచ్చేయండి, ఇద్దరు చాలు, గుంపుగా వద్దు, ముసలాళ్ళు బెదిరిపోతారు. వచ్చేటప్పుడు స్టేప్లర్ పిన్నులు ఓ డబ్బా పట్రండి, మావి అయిపోయాయి. ఉంటానండి.